రెండు నొక్కులు

చదివేవారికి ముందుగా ఒక మనవి. నేను అక్షరాలు దిద్దుకున్నది తల నెరిసిన తరువాత. ఒత్తు పడాల్సిన చోట పడకపోయినా, అక్కర్లేని చోట దీర్ఘం వచ్చినా కోప్పడకండి. ఒక పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. ఈ అధ్యాయం మొదలుపెట్టినప్పుడు మామిడి పిందెలు ఉన్నాయి, ముగించేసరికి పచ్చడి జాడీ సగమైంది. విమానాల సంగతులు తెలిసినవాళ్లను అడిగి రాశాను. అర్థం చేసుకోవడంలో పొరపాటు ఉంటే అది నాదే. ఇక రండి.

“నేనే నొక్కిన,” అన్నాడు వంశీకృష్ణ. “అమూల్య ఆగుమన్నది. సరే అని రేడియో బటన్ రెండుసార్లు నొక్కిన. నొక్కి కూడ రన్‌వే ఎక్కిన. ఇందుల ఆమె తప్పేం లేదు.”

పాఠం అప్పజెప్పినట్టు చెప్పి, టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

ఎదురుగా శాంతాబాయి కూర్చుని వింటోంది. రైల్వే కంట్రోల్ ఆఫీసులో ఫోను చెవిన పెట్టుకుని ఏళ్ల తరబడి రైళ్లను నడిపించి రిటైరైన మనిషి ఆమె. ఇప్పుడు ఉప్పల్‌లో తన ఇంటి ముందుగదిలో కూర్చుని తెలిసినవాళ్ల చిక్కులు విప్పుతుంది. ఎదుటివాడు అబద్ధం చెబుతున్నాడని తోస్తే ఆమె గొంతు ఇంకా మెత్తబడుతుంది.

“టీ తాగు బిడ్డా, సల్లారిపోతది,” అంది మెత్తగా.

వంశీ పక్కన కూర్చున్న అమూల్య ఆగలేకపోయింది. “అబద్ధం పెద్దమ్మా! మొన్నటిదాక నేను నొక్కనే లేదన్నడు. నా లైసెన్సు పోతదని తెల్సినకాడికెల్లి మాట మార్చిండు.”

“నువ్వు ఊకో అమ్మూ,” అన్నాడు వంశీ.

“నేనెందుకు ఊకుంట? నీకు విమానం తప్ప ఇంకేం పని రాదు. అన్నం కూడ మెతుకు మెతుకు వండరాదు. రేపు లైసెన్సు గుంజుకుంటే ఏం జేస్తవ్?”

“నువ్వు జేస్తవు గద ఉద్యోగం. నేను ఇంట్ల వంట నేర్సుకుంట.”

నవ్వొచ్చే మాటే. కాని ఇద్దరి కళ్లూ ఎర్రగా ఉన్నాయి.

జరిగింది ఇది. నగరం వెలుపల పైలట్లకు శిక్షణ ఇచ్చే చిన్న విమానాశ్రయం ఒకటి ఉంది. అమూల్య అక్కడి టవర్‌లో కూర్చుని విమానాలకు దారి చెప్పే కంట్రోలర్. ఆమె భర్త వంశీకృష్ణ అక్కడే పైలట్, పిల్లలకు నేర్పే గురువు. కాపురం నాచారంలో. పోయిన సోమవారం పొద్దున వంశీ నీలం విమానంలో రన్‌వే అంచున నిలబడి ఉన్నాడు. అతని శిష్యురాలు మానస పసుపు విమానంలో ఒంటరిగా ఎగిరి, దిగడానికి వస్తోంది. అమూల్య మొదట వంశీకి ఎగరడానికి అనుమతి ఇచ్చింది. మానస అనుకున్నదానికన్నా ముందే దగ్గరికొచ్చేసిందని చూసి, ఆ వెంటనే అతన్ని ఆగమంది. రేడియోలో టక్, టక్ అని రెండు నొక్కులు వినపడ్డాయి. వంశీ విన్నాడనుకుని ఊపిరి పీల్చుకుంది. కాని నీలం విమానం రన్‌వే ఎక్కేసింది. దాన్ని తప్పించబోయి మానస పక్కనున్న చేనులోకి దూసుకుపోయింది. విమానం ముక్కు నేలకు కొట్టుకుంది. పిల్ల బతికింది గానీ దవడ ఎముక విరిగింది.

టవర్ చెప్పిన మాటను పైలట్ తన నోటితో తిరిగి చెప్పాలి. అది నియమం. కాని పనితొందరలో, తెలిసినవాళ్ల మధ్య, బటన్‌ను రెండుసార్లు నొక్కి వదిలేసే అలవాటు కొందరికి ఉంది. విన్నాను, సరే అని దానికి అర్థం. వంశీకి ఆ అలవాటు ఇంట్లో కూడా ఉంది. అమూల్య కొత్తిమీర తెమ్మంటే గుమ్మాన్ని వేలితో రెండుసార్లు కొట్టి వెళతాడు.

సాయంత్రం ఐదింటికి విచారణ కమిటీ కూర్చుంటుంది. భార్యాభర్తలిద్దరిలో ఒకరి లైసెన్సు ఈ రోజుతో పోతుంది. వంశీ ఆ తప్పును తన మీద వేసుకుని కాగితం రాసివ్వడానికి సిద్ధంగా ఉన్నాడు. అది ఆపమని అమూల్య పెద్దమ్మ ఇంటికి పరుగెత్తుకొచ్చింది.

“అమూల్య నీతోటి చెప్పిన మాట మొత్తం విన్నవా?” అని అడిగింది శాంతాబాయి.

“విన్న పెద్దమ్మా.”

“ఏమన్నది?”

“ఆగు, రన్‌వే ఎక్కొద్దు అన్నది.”

“అంతేనా?”

“అంతే.”

“ఆ తర్వాత?”

“ఆ తర్వాత ఏం లేదు. నేను నొక్కిన.”

అమూల్య నోరు తెరవబోయింది. శాంతాబాయి ఆమె మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది.

అప్పుడే గేటు చప్పుడైంది.

“బాయిగారూ! నా మనిషిని మీ ఇంట్లో దాచిపెట్టారన్నమాట.”

వచ్చినవాడు రామచంద్రరావు. పోలీసు శాఖలో పెద్ద ఉద్యోగం చేసి దిగిపోయాక సొంతంగా డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకున్నాడు. ఈ కేసులో శిక్షణ సంస్థ యాజమాన్యం అతన్ని పెట్టుకుంది. ఏ కేసులోనైనా ఇద్దరూ ఎదురుబొదురుగా తేలుతారు. పోట్లాడుకుంటారు. కేసు అయిపోయాక ఆమె ఇంట్లో టీ తాగి అల్లం ఎక్కువైందని వంక పెట్టి వెళతాడు.

“దాసిపెట్టనీకి ఆయనేమన్న ఉల్లిగడ్డల మూటనా రావుగారూ? కూసోండ్రి.”

“కూర్చోను. సంతకం తీసుకుని వెళతాను. అబ్బాయి నిన్న నా దగ్గర ఒప్పుకున్నాడు. కేసు అయిపోయింది. విమానాశ్రయం ఈ పొద్దున్నే మళ్లీ తెరిచారు, కొత్త కంట్రోలర్ వచ్చాడు, పిల్లలు ఎగురుతున్నారు. మీరు రైళ్ల సంగతి చూసుకోండి, గాల్లో విషయాలు నాకు వదిలేయండి.”

“వదిలేస్త. టవర్ల మాటలన్నీ రికార్డు అయితయట గద. మీ ఫోన్ల ఉన్నదా?”

“ఉంది. కమిటీ ఇచ్చింది.”

“ఒక్కసారి పెట్టున్రి. విని నేనే సంతకం చేయిస్త.”

రామచంద్రరావు అనుమానంగా చూశాడు. అయినా ఫోను బల్ల మీద పెట్టాడు. రేడియోలో మాటలు ఇంగ్లీషులో ఉన్నాయి. ముందు అమూల్య గొంతు, నీలం విమానానికి ఎగరడానికి అనుమతి. ఒక్క క్షణం ఖాళీ. మళ్లీ అమూల్య గొంతే, ఈసారి తొందరగా: నీలం, ఆగు, రన్‌వే ఎక్కొద్దు. పసుపు, నువ్వు దిగు. అంతా ఒకే గుక్కలో.

తరువాత టక్, టక్.

శాంతాబాయి రికార్డు వినలేదు, వంశీ ముఖం చూసింది. ‘పసుపు, నువ్వు దిగు’ అన్నచోట అతని కనుబొమలు పైకి లేచాయి. ఆ మాట అతను మొదటిసారి వింటున్నాడు.

“బిడ్డా,” అంది ఆమె. “ఆగు అన్న మాట నీకు ఇంటికొచ్చినంక అమూల్య చెప్పింది. అందుకే తెల్సు. పసుపును దిగమన్నది చెప్పలే. అందుకే తెల్వదు. రేడియోల నువ్వు ఆ రెండు మాటల్ల ఒక్కటి కూడ విన్లే. వినని మాటకు సరే అని ఎట్ల నొక్కినవ్?”

వంశీ తల దించుకున్నాడు.

“ఇప్పుడు చెప్పు. ఆమె ఆగుమన్నప్పుడు నువ్వేం జేస్తున్నవ్?”

“మాట్లాడుతున్న,” అన్నాడు చివరికి. “ఎగరమన్నది గద. ఆ అనుమతిని నోటితోటి తిరిగి చెప్తున్న. ఆ రోజు నియమం ప్రకారమే చెప్పిన పెద్దమ్మా. బటన్ పట్టుకుని మాట్లాడుతుంటే మాకు అవతలి మాట వినపడదు.”

“బాగుంది!” రామచంద్రరావు చప్పట్లు కొట్టినంత పని చేశాడు. “నిన్న నొక్కానన్నాడు, ఇవాళ మాట్లాడానంటున్నాడు. మాట్లాడితే ఈ రికార్డులో నీ గొంతు ఏదయ్యా?”

మంచి ప్రశ్న. శాంతాబాయి లేచి నిలబడింది.

“కూలిన విమానం యాడున్నది?” అంది.

“నాచారంలో. మరమ్మతు షెడ్డుకు తెచ్చారు.”

“నడువుండ్రి. మీ కార్లనే పోదాం. మా ఇంటి ముంగట ఆటో దొరకాలంటే ఐదైతది.”

“నా కారులో, నా కేసుకు వ్యతిరేకంగా!”

“ఏసీ ఉన్నది గదా మీ కార్ల,” అంది శాంతాబాయి చెప్పులు వేసుకుంటూ.

నాచారం పారిశ్రామికవాడలో, మందుల కంపెనీ గోడ వెనక, రేకుల షెడ్డు. రెక్కలు విప్పేసిన పసుపు విమానం మధ్యలో చెక్క దిమ్మెల మీద కూర్చుని ఉంది. రెక్కలు లేకపోతే అది ఆటో కన్నా పెద్దగా కనపడలేదు. అమూల్య దాని పక్కకు వెళ్లి నలిగిన ముక్కు మీద అరచెయ్యి పెట్టి, వెంటనే తీసేసుకుంది.

షెడ్డువాళ్లు రేడియోలను పరీక్షించుకునే చేతి సెట్లు బల్ల మీద ఉన్నాయి. వాటి బలం షెడ్డు గోడ దాటదు. శాంతాబాయి మూడు తీసుకుంది. ఒకటి వంశీకి, ఒకటి అమూల్యకు ఇచ్చి చెరొక మూలకు పంపింది. మూడోది రామచంద్రరావు చెవి దగ్గర పెట్టింది.

“అమూల్యా, నువ్వు టవర్. వంశీ, నువ్వు నీలం విమానం. నేను చెయ్యెత్తంగనే ఇద్దరు ఒక్కటేసారి బటన్ పట్టుకుని ఆనాటి మాటలు చెప్పున్రి. రావుగారూ, మీరు గాల్లున్న పసుపు విమానం.”

“ఈ వయసులో నన్ను పిల్ల పైలట్‌ను చేశారు,” అన్నాడు గాని చెవి తీయలేదు.

ఆమె చెయ్యెత్తింది. ఇద్దరూ మాట్లాడారు. రామచంద్రరావు ఉలిక్కిపడి సెట్టును చెవికి దూరంగా జరిపాడు. అందులోంచి పలక మీద మేకు గీసినట్టు కీచుమని శబ్దం వచ్చింది. ఆ కీచులో అమూల్య గొంతు ముక్కలు ముక్కలుగా వినపడింది.

“అమూల్యా, వంశీ మాట విన్నవా?”

“లే పెద్దమ్మా. నా బటన్ నొక్కి ఉన్నది గద.”

“వంశీ, నువ్వు?”

“ఒక్క ముక్క విన్లే.”

శాంతాబాయి రామచంద్రరావు వైపు తిరిగింది. “టవర్ మాట్లాడుతున్నంతసేపు టవర్‌కు చెవి ఉండదు. ఇంక రికార్డుల ఈయన గొంతు యాడికెల్లి వస్తది? ఇద్దరు ఒక్కటేసారి మాట్లాడిన్రు, ఒకరిది ఒకరికి చేరలే. ఆ కీచు విన్నది మూడో మనిషే. పసుపుల ఉన్న మానస.”

రామచంద్రరావు సెట్టును బల్ల మీద పెట్టాడు. ఓడిపోతున్నప్పుడు అతను మీసం సవరించుకుంటాడు. ఇప్పుడూ అదే చేశాడు.

“సరే. మాట్లాడాడనే అనుకుందాం. మాట్లాడుతూ ఉన్న మనిషి నొక్కి వదలలేడు. మరి ఆ టక్ టక్ ఎవరిది? గాలిదా?”

శాంతాబాయి పసుపు విమానం తలుపు తెరిచి లోపలికి వంగింది. మడమలెత్తి నిలబడాల్సి వచ్చింది. అమూల్య వెనక నుంచి నడుము పట్టుకుంది.

మానస తలకు పెట్టుకున్న హెడ్‌ఫోను సీటు మీదనే ఉంది. దానికి ఒకపక్క సన్నని కడ్డీ, కడ్డీ చివర మైకు. మాట్లాడాలంటే ఆ మైకు పెదవుల ముందుకు రావాలి. ఇక్కడ కడ్డీ నుదుటి మీదికి ఎత్తి ఉంది.

“దెబ్బకు పైకి లేచి ఉంటుంది,” అన్నాడు రామచంద్రరావు ఆమె భుజం మీదుగా చూస్తూ.

“తిప్పి చూడున్రి.”

అతను వేలితో కడ్డీని కిందికి లాగబోయాడు. రాలేదు. కడ్డీ మొదట్లో చిన్న మర ఉంది. దాన్ని ఎవరో పనిగట్టుకుని గట్టిగా బిగించారు.

“దెబ్బకైతే మర వదులైతది రావుగారూ. దెబ్బ మర బిగియ్యదు.”

“అంటే?”

“ఎగరకముందే మైకు పైకి పెట్టుకున్నది. మాట్లాడే ఉద్దేశం లేని పిల్ల.”

ఆ మాట అంటున్నప్పుడు శాంతాబాయి కళ్లు వంశీ మీద ఉన్నాయి. అతను షెడ్డు తలుపు వైపు చూస్తున్నాడు. భార్య లైసెన్సు కోసం పొద్దున చెప్పిన అబద్ధం చెప్పేటప్పుడు కూడా అతని ముఖంలో ఇంత భయం లేదు. ఈ మనిషి ఇంకెవరినో కూడా దాస్తున్నాడని ఆమెకు అప్పుడు తెలిసింది.

“దవాఖానకు పోదాం,” అంది.

ఉప్పల్‌లో మానస ఉన్న ప్రైవేటు దవాఖాన చిన్నది. పిల్ల తండ్రి పోశయ్య వార్డు బయట బల్ల మీద కూర్చుని జావ గిన్నె మూత సర్దుతున్నాడు. నాగారం మనిషి, నాచారంలోని ఫ్యాక్టరీలో మెషీన్ మీద పని. సర్కారు స్కాలర్‌షిప్పు మీద కూతురు విమానం నేర్చుకుంటోందని షిఫ్టు షిఫ్టుకూ చెప్పుకున్నవాడు. వంశీని చూడగానే లేచి నిలబడ్డాడు.

“సారు వచ్చిన్రా! నా బిడ్డ మీ పేరే తల్సుకుంటది. రానీయున్రి, రానీయున్రి.”

వంశీ ఆ చేతులు పట్టుకున్నాడు.

“మాట్లాడుతుందా?” అని అడిగాడు రామచంద్రరావు.

“యాడ సార్. పై పండ్లు కింది పండ్లు కలిపి తీగలు కట్టిన్రు. నోరు తెర్వరాదు. గని బిడ్డ మస్తు హుషారు. జావ తాగుతవా అంటే మంచం మీద టక్ టక్ కొడ్తది. లైటు తీసెయ్యాల్నా అంటే టక్ టక్. వద్దంటే సప్పుడు సెయ్యదు. మాకు అలవాటైపోయింది.”

శాంతాబాయి నడక ఆగిపోయింది. అమూల్య ఆమె మోచెయ్యి పట్టుకుంది.

లోపల మానస దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. ముఖం ఒకవైపు వాచింది. వంశీని, అమూల్యను చూసి కళ్లతో నవ్వింది. అమూల్య వెళ్లి పిల్ల జడ సరిచేస్తూ పక్కన కూర్చుంది.

శాంతాబాయి స్టూలు లాక్కుంది. “మానసా, నేను అమూల్య పెద్దమ్మను. నిన్ను కష్టపెట్ట. సరే అయితే నువ్వు కొట్టినట్టే కొట్టు. ఆ రోజు దిగేటప్పుడు నీ చెవిల కీచుమని సప్పుడు వచ్చిందా?”

మానస వేలు మంచం ఇనుప కమ్మీని తాకింది. టక్, టక్.

“ఆ సప్పుడుల అమూల్య నిన్ను దిగమన్నది వినపడ్డదా?”

టక్, టక్.

“నువ్వు జవాబు ఇచ్చినవా?”

టక్, టక్.

“నోటితోటి ఇచ్చినవా?”

చప్పుడు లేదు.

శాంతాబాయి ముందుకు వంగి, చాలా మెల్లగా అడిగింది.

“మరి ఎట్ల ఇచ్చినవ్ తల్లీ?”

పిల్ల ఆ ప్రశ్నకు ఆశ్చర్యపడింది. ఇది కూడా అడగాలా అన్నట్టు చూసింది. చూపుడువేలు ఎత్తి కమ్మీ మీద రెండుసార్లు కొట్టింది.

టక్, టక్.

రికార్డులో ఉన్నది అదే వేగం. అదే ఎడం.

“అయ్యో,” అంది అమూల్య. “అయ్యో, మానసా. అది నువ్వా!”

రామచంద్రరావు టోపీ లేని తల మీద టోపీ సర్దుకోబోయినట్టు చెయ్యి పెట్టుకున్నాడు. పాత ఉద్యోగపు అలవాటు.

“ఒకే గుక్కలో ఇద్దరికి రెండు మాటలు,” అన్నాడు నెమ్మదిగా. “ఆగమన్నది అబ్బాయికి చేరలేదు. దిగమన్నది ఈ అమ్మాయికి చేరింది. ఈమె సరేనంది. ఆ సరే తన భర్తదని అమూల్య అనుకుంది.”

“ఆ సప్పుడు వింటే నాకు ఇంట్ల మనిషి వచ్చినట్టే అనిపిస్తది సార్,” అంది అమూల్య. “వేరేవాళ్లదైతే నోటితో చెప్పుమని అడిగేదాన్ని. ఈయనది అనుకున్న గనుకనే అడగలే.”

వంశీ మంచం కాళ్ల దగ్గర నిలబడి ఉన్నాడు. శాంతాబాయి అతన్ని చూడకుండానే అంది.

“ఇంక చెప్పు బిడ్డా. పిల్లకు ఇది ఎవరు నేర్పిన్రో.”

“నేనే. ఆ నొక్కులు మానసవేమోనని మొదటిరోజే నాకు అనుమానం వచ్చింది పెద్దమ్మా. చెప్పలేకపోయిన.” వంశీ కమ్మీని పట్టుకున్నాడు. “మానస విమానం మస్తు నడుపుతది. నాకన్న మెత్తగ దింపుతది. కాని రేడియోల ఇంగ్లీషు మాట్లాడాలంటే గొంతు పట్టుకుంటది. వెనక బ్యాచ్‌వాళ్లు రేడియోల విని నవ్విన్రు. ఒకరోజు విమానం దిగి ఏడ్సింది, మానేస్త సార్ అన్నది. అప్పుడు నేనన్న. మాట తడబడితే ఫికర్ చెయ్యకు, రెండుసార్లు నొక్కు చాలు, టవర్ల మా అమూల్య ఉంటది, అర్థం చేసుకుంటది అని. నేను అట్లనే నొక్కుత గద. పిల్ల మానెయ్యలే. సంతోషపడ్డ.”

పోశయ్య గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. ఏమంటాడోనని అందరూ అటు చూశారు.

“మా బిడ్డ మంచిగుండాలనే చెప్పిన్రు గద సారు,” అన్నాడు. ఆ మాటతో వంశీ ముఖం చేతుల్లో దాచుకున్నాడు.

“కాగితం రాసిస్తే నా ఒక్కని తోటి పోతదనుకున్న,” అన్నాడు చేతుల్లోంచే. “అమూల్య ఉద్యోగం ఉంటది. మానస పేరు బయటికి రాదు.”

“ఒక్క మానసకే చెప్పినవా?” అంది శాంతాబాయి.

ఆమె గొంతు మారింది. మెత్తదనం పోయింది. కంట్రోల్ ఆఫీసులో ఒకే పట్టాల మీద రెండు బండ్లు కనపడినప్పటి గొంతు అది.

వంశీ చేతులు దించాడు. “ఏంది పెద్దమ్మా?”

“ఇంగ్లీషుకు భయపడే పిల్లలు ఇంకెవరు లేరా నీ దగ్గర?”

వంశీ ముఖంలో రంగు దిగిపోయింది. “దుర్గేష్. వాడికి కూడ చెప్పిన.”

“రావుగారూ, ఈ పొద్దున పిల్లలు ఎగురుతున్నరన్నరు.”

రామచంద్రరావు అప్పటికే ఫోను తీశాడు. కేసులో ఆమెతో పోట్లాడేవాడే గాని ఇటువంటి సమయంలో రెండోసారి చెప్పించుకునే మనిషి కాదు. టవర్‌కు ఫోను కలిపి స్పీకరు పెట్టాడు.

“ఎవరున్నారు పైన?”

“ఎర్ర విమానంలో దుర్గేష్ సార్, ఒంటరిగా. తెల్ల విమానం ఇప్పుడే దిగి రన్‌వే మీద ఉంది, దారి ఖాళీ చేస్తోంది. ఎర్రదాన్ని ఇంకో చుట్టు తిరిగి రమ్మన్నాను. ఇద్దరికీ చెప్పేశాను సార్.” కొత్త కంట్రోలర్ గొంతు కుర్రది, ఉత్సాహంగా ఉంది.

“జవాబు ఇచ్చాడా?”

“ఇచ్చాడు సార్. రెండుసార్లు నొక్కాడు.”

“ఎవరు నొక్కిన్రు?” అంది శాంతాబాయి.

“అంటే...” అని నసిగాడు కంట్రోలర్.

“నొక్కింది తెల్లదా, ఎర్రదా? బాబూ, నోటితోటి చెప్పుమని అడుగు. ఇప్పుడే అడుగు.”

ఫోనులో అతను ఇంగ్లీషులో దుర్గేష్‌ను పిలవడం వినపడింది. జవాబు లేదు. మళ్లీ పిలిచాడు. లేదు.

“తెలుగుల అడగమనున్రి,” అని వంశీ ఫోను మీదికి వంగాడు. “తమ్మీ, నేను వంశీని. తెలుగుల అడుగు. మీ సారు నోరు తెర్వుమన్నడని చెప్పు!”

“దుర్గేష్! మీ వంశీ సార్ నోటితో చెప్పమంటున్నారు. తెలుగులో చెప్పు. ఏం చేస్తున్నావ్?”

బరబరమని శబ్దం. ఆ తరువాత టవర్ స్పీకరులోంచి ఫోనులోకి, ఫోనులోంచి గదిలోకి, సన్నగా ఒక కుర్రాడి గొంతు వచ్చింది.

“సార్... ఎర్ర విమానం... దిగుతున్న సార్. వస్తున్ననని చెప్పనీకి బటన్ పట్టుకుని ఉన్న. నాకేమన్న చెప్పిన్రా?”

అంటే నొక్కింది తెల్ల విమానం. అమూల్య లేచి నిలబడింది. టవర్‌లో లేనన్న సంగతి మరిచిపోయి ఫోనులోకి అరిచింది. “దిగకు! పైకి పో దుర్గేష్, పైకి!”

కంట్రోలర్ కూడా అదే అరిచాడు. ఆ తరువాత ఏమీ వినపడలేదు. మానస కమ్మీని పిడికిలి తెల్లబడేలా పట్టుకుంది.

“పైకి... పోతున్న సార్,” అంది గొంతు. ఒక్కొక్క మాటను కాళ్లీడ్చుకుంటూ మోసుకొచ్చినట్టుంది. “దిగుతలేను. కింద తెల్లది కనపడ్డది. తిరిగి వస్త. ఎర్ర విమానం... తిరిగి వస్త.”

అమూల్య అలాగే వెనక్కి కూలబడి వంశీ చొక్కా పట్టుకుని ఏడ్చింది. వంశీ ఆమె తల నిమిరాడు.

రామచంద్రరావు ఫోను పెట్టేసేలోపే కంట్రోలర్ అడిగాడు. “సార్, ఇప్పుడు నేనేం చెయ్యాలి?”

“అందరినీ ఒక్కొక్కరిగా దింపు. నోటితో చెప్పనిదే ఎవరి మాటా నమ్మకు. మిగతాది ఐదింటికి మేమొచ్చి చెబుతాం.” ఫోను పెట్టేసి, జేబులోంచి వంశీ సంతకం చేయాల్సిన కాగితం తీసి నాలుగు మడతలు పెట్టాడు. చింపలేదు. శాంతాబాయి చేతిలో పెట్టాడు. “మీ పొయ్యికి పనికొస్తుందేమో చూడండి బాయిగారూ.”

“మాకు గ్యాసు ఉన్నది రావుగారూ.”

“అయితే దాచుకోండి. మీ చేతిలో ఓడిపోయినందుకు గుర్తు.” వంశీ వైపు తిరిగాడు. “కమిటీ ముందు ఏం చెబుతావ్?”

“ఉన్నదున్నట్టు చెప్త. నేనే నేర్పిననని.”

“నేను కూడ చెప్త,” అంది అమూల్య కళ్లు తుడుచుకుంటూ. “ఎవరిదో అడగకుండ నమ్మింది నేను.”

“ఇద్దరి లైసెన్సులూ కొన్నాళ్లు పక్కన పెడతారు,” అన్నాడు రామచంద్రరావు. “నేను గట్టిగా మాట్లాడితే పోకుండా ఆపగలను. మాట్లాడతాను.”

“అప్పటిదాక ఈయన వంట నేర్సుకుంటడు,” అంది శాంతాబాయి.

వంశీ మానస దగ్గరికి వచ్చాడు. పిల్ల కళ్లు నిండి ఉన్నాయి. తన నొక్కుల వల్లనే ఇదంతా జరిగిందని ఆమెకు ఇప్పుడే తెలిసింది. గురువు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

“తప్పు నాది మానసా, నీది గాదు. నీకు ధైర్యం నేర్పాల్సింది, మాట తప్పించుకునేది నేర్పిన. మల్ల ఎగురుదాం. గని ఇంక నొక్కులొద్దు. మాట తడబడితే తడబడనీ, నవ్వెటోళ్లు నవ్వనీ. నోటితోటే చెప్పాలె. సరేనా?”

మానస వేలు అలవాటుగా పైకి లేచింది. కమ్మీ మీద పడింది.

టక్.

రెండోది రాలేదు. వేలు గాలిలోనే ఆగింది. పిల్ల ఆ వేలును మడిచి పిడికిలిలో దాచుకుంది. తీగలతో బిగించిన పళ్ల వెనక నుంచి, నొప్పికి కళ్లు మూసుకుని, ముద్దగా, వంకరగా, ఆ రోజుకు ఆ గదిలో అన్నిటికన్నా స్పష్టంగా వినపడేలా అంది.

“స...రే... సార్.”

— కొంతం సత్తెమ్మ
డెబ్బయ్యొక్క ఏళ్లు
ఇప్పుడు ఉండేది చిలుకానగర్, ఉప్పల్